పదకొండు నెలల ఊరు

ఆదివారం పొద్దున కొండాపూర్‌లో ఏ జిరాక్స్ షాపు ముందు నిలబడ్డా ఈ ఊరి సంగతి సగం అర్థమైపోతుంది. కంప్యూటర్‌లో అద్దె ఒప్పందం ముందే టైపు చేసి ఉంటుంది. ఓనరు పేరు, అద్దెకొచ్చేవాళ్ల పేరు, ఫ్లాట్ నంబరు, అద్దె, అడ్వాన్సు, ఇవి మారిస్తే చాలు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద ప్రింటు తీసి, చెరో సంతకం పెట్టి, ఇద్దరు సాక్షుల చేత కూడా పెట్టించి, నోటరీ ముద్ర వేయిస్తే పని పూర్తి. గడువెంత అని షాపువాడు అడగడు, మనమూ చెప్పం. అది ఎప్పుడూ పదకొండు నెలలే.

పన్నెండు ఎందుకు కాదో చాలామందికి తెలుసు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం ఏడాదికి మించిన లీజును, ఏడాదికేడాది నడిచే లీజును రిజిస్టర్ చేయించాలి. అంటే సబ్ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లాలి, రిజిస్ట్రేషన్ రుసుము కట్టాలి, ఆ అద్దె ప్రభుత్వ లెక్కలోకి ఎక్కుతుంది. పదకొండు నెలలకైతే ఈ గొడవేమీ లేదు. ఓనరుకు సులువు, అద్దెకొచ్చేవాళ్లకు తొందర, ఇద్దరూ సరే అనుకుంటారు. ఆ సులువు వల్ల అద్దెకుండేవాళ్లు ఏమేం పోగొట్టుకుంటున్నారో ఇరవై ఏళ్లుగా ఈ చుట్టుపక్కలే ఇళ్లు మారుతూ వచ్చాక గాని నాకు తెలిసిరాలేదు. మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా, ఇటు మణికొండ నుంచి అటు మియాపూర్, నిజాంపేట దాకా పరుచుకున్న ఈ పడమటి హైదరాబాద్‌లో అద్దె బతుకును మొత్తంగా ఒకసారి చూడాలన్నదే ఇక్కడ నా ప్రయత్నం.

ముందుగా ఈ ఊరు ఎలా పుట్టిందో చూడాలి. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. మైక్రోసాఫ్ట్ అభివృద్ధి కేంద్రం, గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ మొదలైందీ ఆ ఏడాదే. అంతకుముందు ఇటువైపు 1974లో వచ్చిన సెంట్రల్ యూనివర్సిటీ, 1990లలో వచ్చిన శిల్పారామం, మధ్యలో రాళ్లగుట్టలు, చెరువులు, చిన్న చిన్న ఊళ్లు ఉండేవి. వీటిలో ఎక్కువ భాగం ఉన్న శేరిలింగంపల్లి మున్సిపాలిటీ 2007 ఏప్రిల్‌లో గాని హైదరాబాద్ మహానగరపాలక సంస్థ (జీహెచ్ఎంసీ)లో కలవలేదు. ఆఫీసులు వచ్చి ఎనిమిదేళ్లు దాటాక గాని ఆ చోటు నగరపాలనలోకి రాలేదన్నమాట. ఈలోగా మనుషులు రానే వచ్చారు. ప్రభుత్వ లెక్కల్లో 2013-14 నాటికి తెలంగాణ ఐటీ ఉద్యోగులు 3,23,396 మంది. 2022-23 నాటికి 9,05,715. వీళ్లలో ఎక్కువమంది పనిచేసేది ఈ నాలుగైదు మైళ్ల పరిధిలోనే. కంపెనీలకు స్థలం చూపించారు, రోడ్లు వేశారు, కరెంటు ఇచ్చారు. అందులో పనిచేసేవాళ్లు రాత్రి ఎక్కడ పడుకుంటారన్న పూచీ మాత్రం ఎవరూ తీసుకోలేదు. భూమి ఉన్న ఊరివాళ్లు, ప్లాట్లు కొనుక్కున్న ఉద్యోగులు, బిల్డర్లు ఎవరికి తోచినట్టు వాళ్లు కట్టారు. మనం అద్దెకుండే ఇళ్లన్నీ అలా లేచినవే.

అందుకే ఇక్కడ ఇల్లు అంటే ఒక రకం కాదు. పాత ఊళ్ల నడిబొడ్డున గ్రామకంఠం భూముల్లో అరవై, ఎనభై గజాల జాగాల్లో ఐదంతస్తులు లేచిన ఇళ్లున్నాయి. ఎదురుగా ఉన్న ఇంటి కిటికీలోంచి చెయ్యి చాపితే ఉప్పు డబ్బా అందుకోవచ్చు. కాలనీల్లో రెండు మూడు వందల గజాల్లో కట్టిన అపార్ట్‌మెంట్లున్నాయి. పార్కింగ్ పక్కన వాచ్‌మన్ గది, పైన పెంట్‌హౌస్, ఇదీ మధ్యతరగతి ఇల్లు. ఆ తర్వాత గేటెడ్ కమ్యూనిటీలు, ఈ మధ్య నలభై యాభై అంతస్తుల టవర్లు. వీటన్నిటి నీడలో, కట్టడాలు జరిగే చోట, రేకుల షెడ్లున్నాయి. వాటిని మనం ఇళ్ల కింద లెక్కపెట్టం గాని, ఆ టవర్లను కట్టినవాళ్లు ఉండేది వాటిలోనే.

ఒక కుర్రాడి ఉద్యోగ జీవితాన్ని ఈ ఊరి మ్యాపు మీద గీయొచ్చు. డిగ్రీ చేతికి రాగానే అమీర్‌పేటలో కోచింగ్, ఎస్సార్ నగర్‌లో హాస్టలు. ఉద్యోగం దొరకగానే మాదాపూర్‌లోనో గచ్చిబౌలిలోనో టూ షేరింగ్ గది. రెండేళ్లకు ముగ్గురు స్నేహితులు కలిసి కొండాపూర్‌లో డబుల్ బెడ్‌రూమ్. పెళ్లయ్యాక అదే పేటలో ఇంకో ఇల్లు. పిల్లలు బడికెళ్లే వయసుకొచ్చేసరికి అద్దె మోయలేక నల్లగండ్ల, నిజాంపేట, బాచుపల్లి. ఈ గీతలో మొదటి మెట్టు హాస్టలు. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ గనుక అక్కడ కాస్త ఆగుతాను.

గచ్చిబౌలిలో మా బంధువుల అమ్మాయిని చూడటానికి ఒక ఉదయం హాస్టలుకు వెళ్లాను. మూడో అంతస్తులో గది. మూడు ఇనుప మంచాలు, వాటి మధ్య ఒక మనిషి ఒత్తిగిలి నడిచేంత దారి. మంచాల కింద సూట్‌కేసులు. కిటికీ ఉంది గాని తెరవరు, పక్క భవనం గోడ ఆనుకునే ఉంది. పగలూ లైటు వెలగాల్సిందే. బాత్‌రూమ్ ముందు ఇద్దరు అమ్మాయిలు తువ్వాలు భుజాన వేసుకుని ఫోన్లు చూసుకుంటూ వరసలో ఉన్నారు. కింద వంటగదిలో పెద్ద డబరాలో ఉప్మా, పక్కనే పల్చటి చట్నీ. ఎనిమిదిన్నర దాటితే ఉండదని రాసి ఉంది. గోడకంటించిన కాగితంలో ఇంకా చాలా ఉన్నాయి. రాత్రి పదింటికి గేటు మూస్తారు. ఖాళీ చేసేవాళ్లు నెల ముందు చెప్పాలి, లేకపోతే అడ్వాన్సు తిరిగి రాదు. కట్టిన దాంట్లో వెయ్యి రూపాయలు మెయింటెనెన్స్ కింద ఎలాగూ పట్టుకుంటారు. అమ్మాయి నన్ను చూసి కొంచెం సిగ్గుపడింది. "ఇక్కడ బానే ఉంటుంది బాబాయ్, ఆఫీసుకు నడిచి వెళ్లిపోవచ్చు. అమ్మకు మాత్రం కిటికీ సంగతి చెప్పకు" అంది.

హాస్టళ్లు ఎక్కడ ఎక్కువున్నాయో చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. మాదాపూర్ అయ్యప్ప సొసైటీ గురుకుల ట్రస్టు భూముల వివాదంలో దశాబ్దాలుగా నలుగుతున్న చోటు. అక్కడ కట్టడాలకు అనుమతులు రావు, అయినా అంతస్తులు లేచాయి. 2014లో జీహెచ్ఎంసీ, 2025 జనవరిలో ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా అక్కడ కూల్చివేతలు చేపట్టాయి. కాగితాలు సరిగా లేని భవనాన్ని ఫ్లాట్లుగా అమ్ముకోవడం కష్టం, బ్యాంకు లోను ఇవ్వదు. అలాంటి భవనంలో రాబడి చూసుకోవాలంటే హాస్టలుకు ఇవ్వడమే మార్గం. ఇది నాకు తోచిన కారణం, తప్పని చెప్పినవాళ్లు ఇంతవరకు కనిపించలేదు. ఇందులో నష్టం ఎవరిదో చూడండి. భవనానికి అనుమతి ఉందో లేదో మంచం అద్దెకు తీసుకునే పిల్లకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. 2024 నవంబరులో గచ్చిబౌలి సిద్దిఖ్‌నగర్‌లో చిన్న జాగాలో కట్టిన నాలుగంతస్తుల భవనం, పక్క స్థలంలో పునాదులకు తవ్వుతుండగా ఒక పక్కకు ఒరిగిపోయింది. లోపలివాళ్లు కట్టుబట్టలతో బయటికి పరుగెత్తారు. తర్వాత అధికారులు దాన్ని కూల్చేశారు. భవనం పోయినా ఓనరుకు కనీసం భూమి మిగిలింది. అద్దెకున్నవాళ్లకు ఏమీ మిగల్లేదు.

హాస్టలు మనిషి ఎంత తేలిగ్గా రోడ్డున పడతాడో 2020 మార్చిలో అందరం చూశాం. లాక్‌డౌన్ మొదలైన రెండో మూడో రోజుకే హాస్టళ్లు ఖాళీ చేయమన్నాయి. ఊరెళ్లడానికి అనుమతి పత్రాల కోసం పిల్లలు పోలీస్ స్టేషన్ల ముందు బారులు తీరారు. పత్రాలు పట్టుకుని బయల్దేరినవాళ్లను ఆంధ్ర సరిహద్దులో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర ఆపేశారు. వెనక్కి పోదామంటే హాస్టలు మూసేశారు, ముందుకు పోదామంటే గేటు దించేశారు. హాస్టళ్లు ఎవరినీ ఖాళీ చేయించకూడదని ప్రభుత్వం చెప్పింది గాని, అప్పటికే చాలామంది దారిలో ఉన్నారు. పదకొండు నెలల కాగితం కూడా లేని బతుకు వాళ్లది.

ఇక ఇల్లు వెతకడం. సాధనాలు మారినా పని మారలేదు. ఫోన్‌లో యాప్‌లున్నాయి, వాట్సాప్ గ్రూపులున్నాయి, అయినా చివరికి గల్లీలు తిరగాల్సిందే. టు-లెట్ బోర్డు చూసి గేటు దగ్గర ఆగితే మొదట మాట్లాడేది వాచ్‌మన్. "ఫ్యామిలీకే ఇస్తరంట సార్. బ్యాచిలర్లకు ఇయ్యమన్నరు" అంటాడు. ఫ్యామిలీ అంటే ఓనరు ఫోన్ నంబరు ఇస్తాడు. ఓనరు అడిగే ప్రశ్నలు నాకు కంఠస్థం. ఎంతమంది ఉంటారు, ఏ కంపెనీ, మేడమ్ కూడా జాబ్ చేస్తారా, పెద్దవాళ్లు వస్తూ పోతూ ఉంటారా, నాన్‌వెజ్ వండుతారా, మీదే ఊరు? చివరి ప్రశ్నకు జిల్లా పేరు చెబితే సరిపోదు. మండలం, ఊరు, ఇంటిపేరు దాకా వెళ్తుంది. అందులో కులం తెలిసిపోవాలి. తెలియకపోతే "మీరేమిట్లండీ?" అని నేరుగా అడిగేస్తారు. నా దళిత మిత్రుడొకడు ఒకే నెలలో మూడు ఇళ్ల దగ్గర "ఇప్పుడే వేరేవాళ్లకు ఇచ్చేశామండీ" అని విన్నాడు. వాటిలో రెండింటికి ఆ తర్వాతి ఆదివారం కూడా బోర్డు వేలాడుతూనే ఉంది. ముస్లిం పేరు చెబితే ఫోన్ దగ్గరే మాట ఆగిపోతుంది. ముస్లింలు ఎక్కువగా ఉండే టోలీచౌకీ పేరు చెప్పి, అక్కడ చూసుకోండి అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. ఒంటరిగా ఉండే ఆడపిల్లకు ఇల్లిస్తే కాపలా బాధ్యత కూడా తమదే అనుకుంటారు కొందరు ఓనర్లు. ఎవరొచ్చారు, ఎప్పుడెళ్లారని వాచ్‌మన్‌ను అడిగి తెలుసుకుంటారు.

ఇది మనసుల్లో ఉన్న జబ్బు, చట్టం ఏం చేస్తుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. రాజ్యాంగం 15వ అధికరణం రెండో క్లాజులో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువుల దగ్గర వివక్ష కూడదని స్పష్టంగా ఉంది. ఇల్లు అద్దెకివ్వడం దగ్గర అన్ని రకాల వివక్షనూ కలిపి అడ్డుకునే సమగ్రమైన చట్టం మనకు లేదు. పైగా 2005లో అహ్మదాబాద్ పార్సీ గృహ సహకార సంఘం కేసులో, తమవాళ్లకే సభ్యత్వం అన్న నియమాన్ని సుప్రీంకోర్టు నిలబెట్టింది. హోటల్లో అందరూ ఒకే బల్ల మీద తినడం చట్టం వచ్చాకే మామూలైంది. మెట్ల మీద ఒకరికొకరు ఎదురుపడటం కూడా అలాగే మామూలవుతుంది.

ఇల్లు కుదిరాక డబ్బు. హైదరాబాద్‌లో అడ్వాన్సు రెండు నెలలు, ఇది నిజంగానే మేలు. బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లిన మనవాళ్లు పది నెలల అద్దె ముందే కట్టిన రోజులున్నాయి. అద్దె మాత్రం ఐదేళ్లలో ఎక్కడికో పోయింది. 2020, 2021లో అందరూ ఊళ్ల నుంచి పనిచేస్తుంటే మా వీధిలో ప్రతి గేటుకూ టు-లెట్ బోర్డే. ఓనర్లు ఫోన్ చేసి మరీ అద్దె తగ్గించారు. ఆఫీసులు తెరిచాక కొండాపూర్‌లో పద్దెనిమిది వేలకు దొరికిన డబుల్ బెడ్‌రూమ్ నా కళ్లముందే ముప్ఫైకి దగ్గరైంది. దీని మీద మెయింటెనెన్స్ మూడు వేలో నాలుగు వేలో. ఏటా ఐదు శాతం పెంపు కాగితంలోనే ఉంటుంది. ఆ పైన పెంచితే ఎందుకని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఎందుకంటే పదకొండో నెల వచ్చేసింది.

ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె పట్టుకోవడం ఇక్కడి ఆచారం. ఒకసారి నేను నాలుగేళ్లున్న ఇల్లు వదిలాను. గోడలకు ఒక్క మేకు కొట్టలేదు. వంటగది కుళాయి కారుతుంటే నా డబ్బుతోనే మార్పించాను. ఓనరు వచ్చి గది గదీ తిరిగి, పెయింటింగ్, డీప్ క్లీనింగ్, గీజర్ రిపేరు అని వరసగా చెప్పి, యాభై వేల అడ్వాన్సులో పదకొండు వేలు చేతిలో పెట్టాడు. వారం తర్వాత దారిలో పోతూ చూస్తే కొత్తవాళ్లు అప్పటికే దిగారు, బాల్కనీలో మా అబ్బాయి గోడ మీద గీసిన పెన్సిలు రైలు అలాగే ఉంది. ఆ డబ్బు పోయినందుకు కాదు, ఎక్కడికి వెళ్లి చెప్పాలో తెలియనందుకు ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఓనర్లందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. రిటైరయ్యాక వచ్చిన డబ్బంతా పెట్టి మూడంతస్తులు కట్టి, ఆ అద్దెతోనే మందులు కొనుక్కునే పెద్దవాళ్లున్నారు. ఆరు నెలలు అద్దె ఎగ్గొట్టి తాళం వేసుకుపోయినవాళ్ల బాధా వాళ్లకు తెలుసు. పిల్లకు జ్వరమొస్తే అర్ధరాత్రి కారు తీసిన ఓనరు ఆంటీ మాకూ ఒకరున్నారు. అయితే టవర్లలో ఫ్లాటు కొనేవాళ్ల లెక్క వేరు. వాళ్లలో చాలామంది డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటారు. పెట్టిన డబ్బుకు అద్దె ఏడాదికి నూటికి మూడు నాలుగు రూపాయలకు మించి రాదు. 2023 ఆగస్టులో కోకాపేట వేలంలో ఎకరం వంద కోట్లు దాటిన చోట అద్దె కోసం ఇల్లు కొనేవారెవరు? ధర పెరుగుతుందని కొంటారు. అద్దెకుండేవాళ్లు ఆ ధర పెరిగేదాకా ఇంట్లో దీపం వెలిగించే మనుషులు. గోడకు చెమ్మ వచ్చిందని చెబితే ఆ ఓనరుకు అది చిన్న విషయంగానే వినిపిస్తుంది.

మరి చట్టం ఏమంటోంది? మనకు అద్దె చట్టం లేక కాదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ భవనాల లీజు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం ఉంది, రాష్ట్రం విడిపోయాక తెలంగాణకూ అదే వచ్చింది. రెంట్ కంట్రోలర్ న్యాయమైన అద్దె నిర్ణయించవచ్చు, సరైన కారణం లేకుండా ఖాళీ చేయించడానికి వీల్లేదు. చదివితే ధైర్యంగానే ఉంటుంది. కాని 2005 సవరణతో కట్టి పదిహేనేళ్లు కాని భవనాలు, కార్పొరేషన్ పరిధిలో నెలకు 3,500 రూపాయలు మించిన అద్దెలు ఆ చట్టం బయటికి పోయాయి. ఈరోజు మాదాపూర్‌లో 3,500కు ఒక మంచం కూడా రాదు. కాబట్టి ఇక్కడ అద్దెకుండే లక్షల మందిలో దాదాపు ఎవరికీ అద్దె చట్టం వర్తించదు. మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నెలవారీ అద్దెకు పదిహేను రోజుల నోటీసు ఇస్తే చాలని దాని 106వ సెక్షన్ చెబుతుంది. బడి ఏడాది మధ్యలో ఇద్దరు పిల్లలున్న ఇంటికి ఆ పదిహేను రోజులు ఏ మూలకు?

2021 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. ఇళ్లకు రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోకూడదు. ఒప్పందం రాతలో ఉండాలి, దాన్ని అద్దె అధికారికి తెలపాలి. ఇంట్లోకి రావాలంటే ఓనరు ఒకరోజు ముందు చెప్పాలి. గొడవొస్తే నీళ్లు, కరెంటు కట్ చేయకూడదు. గడువు దాటి కూర్చున్న వాళ్ల మీద రెట్టింపు, ఆ తర్వాత నాలుగు రెట్లు అద్దె. ఓనరు భయానికీ, అద్దెకుండేవాళ్ల భయానికీ రెండిటికీ అందులో జవాబుంది. అద్దె ఎంతుండాలో మాత్రం అది చెప్పదు, ఎవరికి ఇవ్వనంటే నేరమో కూడా చెప్పదు. అద్దెలు మన రాష్ట్రాల పరిధిలోవి గనుక నమూనా నమూనాగానే ఉంటుంది, శాసనసభ చేస్తేనే చట్టం. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఆ అధికారి. సర్కిల్ ఆఫీసులో ఒక బల్ల, ఒక మనిషి. నా యాభై వేల గురించి చెప్పుకోవడానికి ఆ రోజు నాకు కావలసింది అదొక్కటే.

నీళ్ల మాట చెప్పకుండా ఈ ఊరి గురించి రాయలేం. బౌలి అంటే బావి. బావి పేరున్న గచ్చిబౌలిలో వేసవి రాగానే ట్యాంకర్ల హారన్లే వినిపిస్తాయి. కింద గ్రానైట్ రాయి. బోరు వెయ్యి అడుగులు దించినా నీళ్లు పగుళ్లలో దొరికితే దొరికినట్టు. 2024 వేసవిలో మార్చికే మా అపార్ట్‌మెంట్ బోరు గాలి కొట్టింది. వాట్సాప్‌లో పొద్దున ఆరింటికి వాచ్‌మన్ సంపు ఫొటో పెట్టేవాడు, అడుగున పాచి కనిపించేది. రోజుకు మూడు ట్యాంకర్లు. నెలాఖరుకు మెయింటెనెన్స్ రెట్టింపైంది. నెలకు ఇరవై వేల లీటర్లు ఉచితమన్న పథకం 2021 జనవరిలో మొదలైంది గాని, జలమండలి కనెక్షన్ ఉన్న ఇంటికే ఆ మేలు. పైపు రాని కొత్త కాలనీలో ఉండేవాడు ఓనరు కట్టాల్సిన మౌలిక వసతి ఖర్చును ట్యాంకరు ట్యాంకరుకూ అద్దె మీద అదనంగా కడుతున్నాడు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు వాస్తు చూసుకునేవాళ్లు బోరెంత లోతు, మంజీరా కనెక్షన్ ఉందా, పోయిన ఏప్రిల్‌లో ఎన్ని ట్యాంకర్లు తెప్పించారు అని అడగడం అలవాటు చేసుకోవాలి. ఈ మూడోదానికి నిజం చెప్పేది వాచ్‌మన్ భార్య.

ప్రయాణం గురించి క్లుప్తంగా చెప్పుకుందాం. 2003లో ఎంఎంటీఎస్ రైలు వచ్చింది. 2019 మార్చిలో హైటెక్ సిటీకి, నవంబరులో రాయదుర్గానికి మెట్రో వచ్చింది. అక్కడితో ఆగింది. ఆఫీసులు మాత్రం ఆగకుండా నానక్‌రామ్‌గూడ, కోకాపేట దాటి పోయాయి. రాయదుర్గంలో దిగినవాడు మళ్లీ షేర్ ఆటో వెతుక్కోవాలి. అందుకే ఆఫీసుకు దగ్గరైన ఇంటికి ఐదు వేలు ఎక్కువైనా ఇస్తారు. దూరం వెళ్లినవాళ్లు ఆ ఐదు వేలు మిగుల్చుకుని, రోజుకు రెండు గంటలు జేఎన్‌టీయూ రోడ్డు మీద పోగొట్టుకుంటారు.

ఇంతవరకు జీతగాళ్ల మాటే చెప్పాను. వాళ్ల ఇళ్లలో పనిచేసేవాళ్ల అద్దె సంగతి ఎవరు రాస్తారు? మా వాచ్‌మన్‌ది పాలమూరు. పార్కింగ్ పక్కన పది అడుగుల గదిలో భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. గదికి అద్దె లేదు, అది జీతంలో భాగం. కాబట్టి ఉద్యోగం పోతే అదే రోజు ఇల్లూ పోతుంది. వాళ్లకు పదకొండు నెలలు కాదు, పదకొండు రోజుల భరోసా కూడా లేదు. మా ఇంట్లో పనిచేసే ఆమె మొదట అంజయ్యనగర్‌లో ఉండేది. అక్కడ పాత రేకుల గదులు కూల్చి హాస్టళ్లు కట్టాక అద్దె అందలేదు. ఇప్పుడు లింగంపల్లి అవతల నుంచి వస్తుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం కాబట్టి ఆ పని నిలిచిందని ఆమే చెప్పింది. లేకపోతే ఛార్జీలకే నాలుగో వంతు పోయేదట. ఐటీ అద్దెలు పెరిగినప్పుడు మొదట ఊరు దాటాల్సి వచ్చేది ఐటీవాళ్లు కాదు, వాళ్ల గిన్నెలు తోమేవాళ్లు.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగులో అద్దెకున్నవాళ్లు వెనక కుర్చీల్లో కూర్చుంటారు. 1987 నాటి అపార్ట్‌మెంట్ల చట్టం ప్రకారం సంఘం ఓనర్లది. లిఫ్టు పాడైతే మెట్లెక్కేది మేం, మెయింటెనెన్స్ కట్టేది మేం, చెయ్యెత్తే హక్కు మాత్రం ఏడాదికోసారి అమెరికా నుంచి వచ్చే ఓనరుది. పెద్ద ఎన్నికల్లోనూ అంతే. శేరిలింగంపల్లి నియోజకవర్గంలో 2023 నాటికి ఏడు లక్షలకు పైగా ఓటర్లు. ఆ ఏడాది నవంబరు శాసనసభ ఎన్నికల్లో వాళ్లలో సగం మంది కూడా పోలింగ్ కేంద్రానికి రాలేదు. టెక్కీలకు బాధ్యత లేదని పత్రికలు మందలించాయి. 2024 మే 13 నాటి ఆంధ్రప్రదేశ్ ఎన్నికల కోసం ఇక్కడి టెక్కీలే చాలామంది విజయవాడ హైవే మీద కిలోమీటర్ల కొద్దీ ట్రాఫిక్‌లో చిక్కుకుని మరీ సొంత ఊళ్లకు వెళ్లి ఓటేశారు. బాధ్యత లేనివాళ్లయితే రాత్రంతా కారులో ఎందుకు కూర్చుంటారు? వాళ్ల ఓటు ఇక్కడ లేదు. ఓటు మార్చుకోవడానికి ఆధార్, బ్యాంకు పాసుబుక్ లాంటి దేంట్లోనైనా ఇక్కడి చిరునామా ఉండాలి, లేదా మన పేరున కనీసం ఏడాదిగా కరెంటు బిల్లో గ్యాస్ బిల్లో వస్తుండాలి. కరెంటు మీటరు ఓనరు పేరునే ఉంటుంది. అద్దెకుండేవాళ్ల కోసమే ఎన్నికల సంఘం జాబితాలో రాసిన రుజువు ఒకటుంది, రిజిస్టరైన అద్దె ఒప్పందం. జిరాక్స్ షాపులో నోటరీ వేసింది చెల్లదు.

అంటే ఆ రోజు మనం సులువనుకుని పెట్టిన సంతకం ఇంత దూరం వస్తుంది. ఒప్పందం రిజిస్టరైతే అద్దె ఎంతో లెక్క తేలుతుంది, అడ్వాన్సు ఎంతిచ్చామో రుజువుంటుంది, ఓటు ఇక్కడికొస్తుంది. ఓటు ఇక్కడికొస్తే సర్కిల్ ఆఫీసులో ఆ బల్ల వేయించమని అడిగే గొంతు కూడా వస్తుంది. ఓనర్లకు పన్ను భయం ఉంటే, చిన్న అద్దెలకు స్టాంపు సుంకం నామమాత్రం చేసి, మూడేళ్ల ఒప్పందాన్ని ఫోన్‌లోనే రిజిస్టర్ చేసే వీలు కల్పించాలి. ఇంటి పన్ను ఫోన్‌లో కడుతున్న నగరమిది. ఇది చేయలేనిదేమీ కాదు.

మా కింది ఫ్లాట్‌లో ఒక జంట ఉంది. ప్రకాశం జిల్లా నుంచి వచ్చి తొమ్మిదేళ్లు, ఆ ఇంట్లోనే. ఒకరోజు ఏదో కాగితం కోసం వెతుకుతూ ఆయన ఫైలు తెరిచి నాకు చూపించాడు. ఒకదాని మీద ఒకటి స్టాంపు కాగితాలు, ప్రతిదానిలోనూ పదకొండు నెలలు, ప్రతిదానిలోనూ శాశ్వత చిరునామా దగ్గర తాళం వేసి ఉన్న ఊరి ఇల్లు. పక్కనే నేల మీద బోర్లా పడుకుని వాళ్ల పాప హోంవర్క్ రాసుకుంటోంది. 'మా ఊరు' మీద పది వాక్యాలు రాయాలట. ఏం రాశావమ్మా అంటే నోట్‌బుక్ నా వైపు తిప్పింది. మా ఊరు కొండాపూర్. మా ఊళ్లో బొటానికల్ గార్డెన్ ఉంది. మా ఊరికి 127కె బస్సు వస్తుంది. వేసవిలో నీళ్ల లారీ వస్తుంది. ఐదో వాక్యం దగ్గర ఆగి, పెన్సిలు నోట్లో పెట్టుకుని, ఇంకేం రాయాలని నాన్న ముఖంలోకి చూసింది.